అక్క రెండో చెవి

అశోక్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా ఎవరో ఒకరు చదువుతూ కనిపిస్తారు. మెట్ల మీద, టీ బండి దగ్గర, ఆగి ఉన్న స్కూటర్ మీద, ఆఖరికి క్షవరం చేయించుకుంటూ కూడా. సర్కారు కొలువుల పరీక్షలకు తయారయ్యేవాళ్ల పేట అది. డిగ్రీ మీద డిగ్రీ పేర్చుకుని ఎదురుచూస్తున్న అంతమంది నెత్తి మీద, ఒక పాత భవనం రెండో అంతస్తులో, తొమ్మిదో తరగతి మధ్యలో బడికి దండం పెట్టి వచ్చేసిన నేను ఏసీ గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తేవాణ్ణి. మెట్ల మీద పుస్తకాలు పట్టుకుని కూర్చున్నవాళ్లను దాటుకుని పైకి వెళ్లేటప్పుడు మెడలోని కంపెనీ కార్డును చొక్కా లోపలికి తోసేసుకునేవాణ్ణి. అది చూసి ఎవరైనా ఏ కోర్సులో చేరాలో సలహా అడుగుతారేమోనని నా భయం.

అంతకుముందు చిక్కడపల్లిలో, లైబ్రరీకి కాస్త ఇవతల, ఒక జిరాక్స్ షాపులో పనిచేసేవాణ్ణి. ఒకరోజు ఒకతను తన హాల్ టికెట్ మీద ఫోటో మసకగా వచ్చిందని నా మీద అరుస్తున్నాడు. "మసక మెషీన్ల లేదన్నా, మీ మొహంల ఉంది. నవ్వి ఇంకో ఫోటో దిగుర్రి, మెషీన్ కూడా ఖుష్ అయితది" అన్నాను. అతను నవ్వేసి వెళ్లిపోయాడు. పక్కన తన కాగితాల కోసం నిల్చున్న ఒక పెద్దమనిషి అదంతా చూశారు.

"మా ఆఫీసుల రోజూ ఇట్లనే అరుస్తరు. వస్తవా?" అని అడిగారు.

"అరవనీకా సార్, అరిపించుకోనీకా?"

"ఇంగ్లీష్ వస్తదా?"

"ఎదురొస్తే గుర్తుపడ్త సార్. నేను పిలిస్తే మాత్రం రాదు."

ఆయన కూడా నవ్వారు. నవ్వినవాళ్లు మళ్లీ అదే ప్రశ్న అడగరని నాకు చిన్నప్పుడే తెలుసు. బడిలో అన్నేళ్లు నెట్టుకొచ్చింది ఆ విద్యతోనే.

అలా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. చిన్న కంపెనీ. చిన్న ఊళ్లలో ఉండే రక్తపరీక్షల ల్యాబులకు వాళ్ల సాఫ్ట్‌వేర్ వాడుకకు ఇచ్చేది. వచ్చినవాళ్ల పేర్లు ఎక్కించుకోవడం, రక్తం సీసా మీద అంటించే చీటీ తీయడం, రిపోర్టు ముద్రించడం, అన్నీ దాంతోనే. ఎక్కడ ఏది ఆగినా మా నంబరుకు ఫోన్ చేస్తారు. మేం పదిమందిమి, చెవుల మీద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎన్నడూ చూడని ఊళ్లలో, ఎన్నడూ చూడని గదుల్లో, ఎన్నడూ చూడని కంప్యూటర్లను నోటితో బాగుచేయాలి. మొదటిరోజు ఆ గదిలోకి అడుగుపెట్టి, పది గొంతులు ఒకేసారి పది ఊళ్లతో మాట్లాడటం విని, విమానం నడిపే చోటికి వచ్చానేమో అనుకున్నాను. చెప్పులు బయట విడవాలా అని అడిగితే అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను తెప్పించాలని తెప్పించింది కాదు.

గోడ మీద పెద్ద టీవీ ఉండేది. అందులో పది కుర్చీలకు పది గడులు. ఖాళీగా ఉంటే పచ్చ, ఫోన్‌లో ఉంటే పసుపు, ఆరు నిమిషాలు దాటితే ఎరుపు. ఎరుపు వెలిగిందంటే, మూలనున్న గాజు గదిలోంచి నన్ను తెచ్చిన సార్ తల పైకి లేస్తుంది. ఏమీ అనేవారు కాదు, చూసేవారు. దానికంటే తిడితే నయం. బాత్రూముకు వెళ్లాలంటే ఒక మీట నొక్కి వెళ్లాలి. మనం వచ్చేదాకా మన గడిలో సెకన్లు తిరుగుతూ ఉంటాయి. బయట నా సెకన్లు అందరూ చూస్తున్నారన్న ధ్యాసలో మొదటి వారమంతా పని సగంలో వదిలేసి పరుగెత్తుకొచ్చేవాణ్ణి. ఏసీ ఒకటే. దాని గాలి నాలుగో కుర్చీ దాకా వచ్చి, అక్కడ కూర్చున్నవాడికి జలుబు చేసి ఆగిపోయేది. నాది ఏడో కుర్చీ. దానికో జబ్బు ఉండేది. కూర్చున్నాక మెల్లగా కిందికి దిగేది. ఫోన్ ఎత్తినప్పుడు బల్ల మీద ఉన్న నా మోచేతులు, మాట ముగిసేసరికి చెవుల దగ్గరికి వచ్చేవి.

ఇవన్నీ ఓర్చుకోదగ్గవే. ఓర్చుకోలేనిది ఫోన్ పెట్టేశాక వచ్చేది. తొంభై సెకన్ల లోపల, తెర మీద ఒక తెల్ల గడిలో, జరిగింది ఇంగ్లీషులో రాయాలి. దాన్ని టికెట్ అంటారు. రాయకపోతే తరవాతి ఫోన్ రాదు, మన గడి పచ్చబడదు.

అక్షరాలు నాకు తెలుసు. జిరాక్స్ షాపులో ఏళ్ల తరబడి వాటి మొహాలే చూశాను. కంప్యూటర్ చూపించే సందేశాల్ని కూడా మనుషుల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాణ్ణి. రెండు వరసల పొట్టిది ప్రింటర్ గొడవ. పొడుగ్గా ఉండి తోకలో అంకెలున్నది నెట్ గొడవ. ఫోన్‌లో అవతలివాళ్లు ఎట్లుందో చెప్తే చాలు, మందు చెప్పేవాణ్ణి. కానీ రాయమంటే మాత్రం, పెళ్లిలో పేర్లు తెలియని చుట్టాల మధ్య నిల్చున్నట్టు ఉండేది నా పని.

మొదటి ఫోన్ బాగానే ముగిసింది. అవతలాయన నవ్వుతూ పెట్టేశాడు. తెల్ల గడి తెరుచుకుంది. ముప్ఫై సెకన్లు పోయాయి. అరవై పోయాయి. అప్పుడు పక్క కుర్చీలోంచి ఒక ఎడమ చెయ్యి వచ్చింది. గాజులున్న చెయ్యి. నా కీబోర్డును తన వైపు లాక్కుని, నాలుగు ముక్కలు టకటకా కొట్టి, మళ్లీ నా వైపు తోసింది. నా గడి పచ్చబడింది. నేను తిరిగి చూస్తే ఆమె నన్ను చూడటం లేదు. తన ఫోన్‌లో ఎవరికో, "అది కాదండీ, దాని కింద ఉన్నది నొక్కండి" అని చెబుతోంది.

ఆమెనే నేను అక్క అంటాను. నలభై ఆరేళ్లు. పుట్టింది చిక్కడపల్లిలోనే, ఉండేదీ అక్కడే, ఒక సందులో కిరాయి ఇంట్లో. మాట మాత్రం వాళ్ల నాన్నగారు ఉద్యోగానికి వస్తూ మూటకట్టుకుని తెచ్చుకున్న బందరు మాట.

"అక్కా, పుట్టినకాడికెళ్లి ఇక్కడి నీళ్లే తాగుతున్నరు, ఇంకా ఏంటండీ అనుడేంది?" అని అడిగేవాణ్ణి.

"నీళ్లతోనే మాట మారితే నువ్వీపాటికి ఆఫీసు వాటర్ క్యాను తాగి ఇంగ్లీషు మాట్లాడాలి" అనేది.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం ఒక జోడీ వైరు తగిలిస్తారు. దాంతో ఒకరి ఫోన్ ఇద్దరు వినవచ్చు, పక్కనున్న పాతవాళ్ల దగ్గర కొత్తవాళ్లు పని నేర్చుకోవడానికి. నా వారం అయిపోయినా ఆ వైరు తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు. అక్క దాని కొసను కుడి చెవికి తగిలించుకుంది. ఎడమ చెవిలో తన కస్టమరు, కుడి చెవిలో నా కస్టమరు. నోటితో తన ఫోన్ మాట్లాడుతూ, నా ఫోన్ ముగియగానే ఎడమ చేత్తో నా టికెట్ రాసేది. నా కీబోర్డు మా రెండు కుర్చీల మధ్య సరిహద్దులో ఉండేది.

ఎనిమిది నెలలు పక్కనే కూర్చుని చూశాను. అయినా అది ఎలా చేసేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను టీ తాగుతూ మాట్లాడితేనే గుటక తప్పుతుంది. ఆమె చెవుల్లో ఒక పక్క ఒంగోలు, ఒక పక్క సిరిసిల్ల. ఒక దారిలో చెప్పింది ఇంకో దారిలో పడేది కాదు.

ఊరికే చేసిందని కాదు. నా వంతు నాకూ ఉంది. ఆమెకు ఎవరైనా గొంతు పెంచితే చేతులు చల్లబడేవి. "మర్యాద తప్పితే నాకు మాట రాదురా" అనేది. కస్టమరు అరవడం మొదలుపెట్టగానే ఆమె ఒక మీట నొక్కితే ఆ అరుపు నా చెవిలోకి వచ్చి పడేది. అరుపులు నాకు వానాకాలపు చినుకులు. "సార్, ఇంకొంచెం గట్టిగ అనుర్రి, మా సార్ అద్దాల రూముల ఉన్నడు, ఆయనకు వినపడ్తలేదు" అంటే సగంమంది అక్కడే ఆగి నవ్వేవారు. అలా కుదిరింది మా ఒప్పందం. నోటితో చెప్పుకోలేదు, రాసుకోలేదు. అరుపులు నావి, రాతలు ఆమెవి.

రాతల సంగతి అలా ఉంచితే, ఆ చెవుల సంగతి ఇంకోటి. ఒకసారి నల్లగొండ నుంచి ఒకాయన ప్రింటర్ కదలడం లేదని నన్ను చంపుతున్నాడు. వైరు చూడమన్నాను, కాగితం చూడమన్నాను. అక్క తన ఫోన్ మాట్లాడుతూనే ఒక చీటీ నా ముందుకు తోసింది. తెలుగులో ఉంది: ఫ్యాను ఆగింది, కరెంటు పోయింది, కంప్యూటర్ మాత్రం బ్యాటరీ మీద ఉంది.

"సార్, మీ గదిల ఫ్యాను తిరుగుతుందా?" అని అడిగాను.

అవతల స్విచ్చు టపటపా కొట్టిన చప్పుడు. "అరే, కరెంటే లేదు. నీకెట్ల తెలుసు?" అన్నాడాయన. గొంతులో అరుపు పోయి భక్తి వచ్చింది. ఆ భక్తి నాకు కాదు చెందాల్సింది. అయినా కొంచెం పుచ్చుకున్నాను.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అడిగితే ఆమె చాలా మామూలుగా చెప్పింది. ఫోన్ మొదట్లో వెనకాల ఫ్యాను కిర్రుమంటూ ఉంది, మధ్యలో ఆ కిర్రు లేదు, ఒక సన్నటి కీచు మొదలైంది, అంతే. ఇంకోసారి, తెర మీద ఏమీ మారడం లేదని ఒకామె ఏడుపు గొంతుతో చెబుతుంటే, "ఆ గదిలో రెండు కంప్యూటర్లున్నాయి, ఈమె ఒకదాని తెర చూస్తూ ఇంకోదాని కీబోర్డు కొడుతోంది. కొట్టిన చప్పుడు ఫోన్‌కు దూరంగా ఉంది చూడు" అంది. నిజమే.

"అక్కా, మీరు ఇక్కడెందుకు, మీ చెవులను గోల్కొండ మీద పెడితే శత్రువులొచ్చేది ముందే చెప్పెటోళ్లు" అన్నాను.

"నువ్వు నోరు మూసుకుని వింటే నీకూ వినబడుతుంది. మూయవుగా, అదీ నీ రోగం" అని, తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి నా అన్నంలో వేసింది.

చేరిన తొమ్మిదో నెలలో సార్ అందర్నీ నిలబెట్టి కబురు చెప్పారు. హైదరాబాదుకు ఆ చివర, అద్దాల భవనాల వైపు, మా కంపెనీ పెద్దాఫీసు ఉంది. అక్కణ్ణుంచి క్వాలిటీ మేడం వస్తారు. ఒక్కొక్కరి పక్కన ఒక గంట కూర్చుని ఫోన్లు వింటారు, టికెట్లు చూస్తారు. ఎవరి టికెట్ వాళ్లే తన కళ్ల ముందు రాయాలి. జోడీ వైర్లన్నీ వెనక్కి ఇచ్చేయాలి. సోమవారం నుంచి కుర్చీలు కూడా మారతాయి. నాది మొదటి వరస, అక్కది చివరి వరస.

నేను రాయలేనని తేలితే నా ఉద్యోగం పోతుంది. నా పేరు మీద ఇన్నాళ్లూ రాసిందెవరని అడిగితే ఆమెదీ పోతుంది. నాకైతే జిరాక్స్ షాపు ఉండనే ఉంది. కానీ మెషీన్ ముందు నిల్చునేవాడికి జనం కాగితం ఇస్తారు, చిల్లర ఇస్తారు. తమ కష్టం ఇవ్వరు. రోజుకు ఇంతమంది, నా మొహం కూడా తెలియనివాళ్లు, "నువ్వే ఏదన్న చెయ్యి తమ్మీ" అని నా చెవిలో చెప్పే బతుకు మళ్లీ దొరకదు.

శనివారం సాయంత్రం అక్కను నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లాను, వీడ్కోలు చెబుదామని. రెండు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు.

"నేనే మానేస్త అక్కా. సోమవారం రాను. మీ మీదికి రాకముందే పోత" అన్నాను.

ఆమె బిస్కెట్ చాయ్‌లో ముంచి తినడం పూర్తిచేసి, సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. నా టికెట్లు. ఎనిమిది నెలలవి. నేను పనిచేసిన షాపులోనే ప్రింటు తీయించిందట.

"ఇవి చూడు" అంది.

"ఇంగ్లీష్ అక్కా."

"ఇంగ్లీషేలే. చదవొద్దు, చూడు. గుర్తుపడతావుగా, అలాగే."

చూశాను. మొదటి కాగితం, రెండోది, పదోది. ఎక్కడో చూసిన మొహాలు. మళ్లీ అవే మొహాలు. ఆమె ఇంకో కాగితం తీసింది. అందులో ఆమె చేతిరాతతో వరసగా పదకొండు వాక్యాలు, పక్కన తెలుగులో అర్థాలు.

"నీ పేరు మీద నేను రాసింది మొత్తం ఈ పదకొండే. ప్రింటర్ వైరు సరిచేయించాం. కరెంటు లేదు, వచ్చాక చేయమన్నాం. వాడేవారి పొరపాటు, వివరించాం. ఇలాంటివే. ఏం జరిగినా వీటిలోనే ఇరికించాను. పన్నెండోది రాయలేదు."

నాకు అర్థం కావడానికి చాయ్ చల్లారేంత సేపు పట్టింది. ఆమె ఇంగ్లీషు నాకు తెలుసు. సార్‌కు రాసే లెటర్లను సార్ కూడా ఆమె చేతే దిద్దించుకునేవారు. అలాంటి మనిషి, ఎనిమిది నెలలు, రోజుకు నలభైసార్లు, రెండు చెవుల్లో రెండు ఊళ్లు మోగుతుండగా, తనకొచ్చిన భాషనంతా పక్కనబెట్టి పదకొండు వాక్యాల్లోనే రాసింది. నేను రోజూ నా తెర మీద వాటిని చూస్తానని. చూసి చూసి బస్సు బోర్డులు గుర్తుపట్టినట్టు గుర్తుపడతానని. నాకు చెబితే నేనో జోకు వేసి తప్పించుకుంటానని చెప్పలేదు.

"నన్ను బడికి పంపిర్రా అక్కా, నాకు తెల్వకుండ?" అన్నాను.

"ఫీజు కింద ఇంకో చాయ్ చెప్పు" అంది.

ఆదివారమంతా ఆ పదకొండింటినీ కంప్యూటర్ లేకుండా, బియ్యం డబ్బా మూత మీద వేళ్లతో కొట్టాను. సాయంత్రానికి కొన్ని వాక్యాల్లో వేళ్లు నాకంటే ముందే వెళ్లేవి. సోమవారం పొద్దున నా జోడీ వైరు ఇచ్చేశాను. జబ్బు కుర్చీని మాత్రం మొదటి వరసకు నాతోనే తోసుకెళ్లాను. చివరి వరసలో అక్క కుడి చెవి ఖాళీగా కనిపించింది. చాన్నాళ్ల తరవాత చూశాను ఆ చెవిని. అందులో చిన్న ముత్యం కమ్మ ఉందని అప్పుడే తెలిసింది.

క్వాలిటీ మేడం నాకంటే చిన్నదే. మెత్తగా మాట్లాడేది. నా పక్కన కుర్చీ వేసుకుని, చెవికి ఒక వైరు తగిలించుకుని, "మీరు నన్ను పట్టించుకోకుండ్రి, రోజూ ఎట్ల చేస్తరో అట్లనే చేయుండ్రి" అంది. రోజూ ఎట్ల చేస్తానో అట్లనే చేయడానికి రెండో మనిషి కావాలని ఆమెకు ఎలా చెప్పేది.

మొదటి ఫోన్ ప్రింటర్. మొదటి వాక్యం కొట్టాను. చెమట పట్టింది గానీ వచ్చింది. రెండోది కరెంటు. మూడోది నెట్, ఏడో వాక్యం. నా వేళ్ల కింద నా కళ్ల ముందే ఇంగ్లీషు పుడుతుంటే, ఇంట్లో పిల్లి మాట్లాడినంత వింతగా ఉంది నాకే. మేడం తన కాగితంలో టిక్కు పెట్టుకుంది.

నాలుగో ఫోన్ మెదక్ వైపు ఒక చిన్న ఊరి నుంచి. ల్యాబులో పనిచేసే అమ్మాయి.

"సార్, మళ్ల పేర్లు మారినయి" అంది. "ఒక తాతది రక్తం పెట్టిన. రిపోర్టు ఇంకొకామె పేరు మీద వచ్చింది. చూస్కోకుండ ఇచ్చేసిన. తాతనే చదువుకుని, బిడ్డా నేనెప్పుడు ఆడామెనైన అన్నడు. ఆయన నవ్విండు గని నాకు నవ్వు రాలే. ఆయనకు చదువొచ్చు. రానోళ్లు ఎంతమంది తీస్కపోయిర్రో."

"పరేషాన్ గాకు తల్లీ. పేరు చూసి నొక్కినవా?"

"పోయిన నెల కూడ మీరే గదా, చూసి చేయమన్నది. చూసే చేస్తున్న సార్. మా ఓనర్ నాదే తప్పంటున్నడు. మీరు పంపిన మెయిల్ల కూడ గదే రాసిర్రంట."

నిజం. పోయిన నెల ఆ ఫోన్ ఎత్తింది నేనే. దాని టికెట్ కూడా నాకు తెలుసు. ఆరో వాక్యం. వాడేవారి పొరపాటు, వివరించాం. ఇప్పుడు కూడా అది కొట్టేస్తే నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది. నా కళ్లకు బాగా అలవాటైన వాక్యం. మేడం ఇంకో టిక్కు పెడుతుంది, నా కుర్చీ నాకుంటుంది.

చివరి వరసకేసి చూశాను. అక్క తల వంచుకుని తన ఫోన్‌లో ఉంది. ఆమె అయితే ఏం చేస్తుంది? ప్రశ్నలు అడగదు. పని చేయమంటుంది, తాను నోరు మూసుకుంటుంది.

"తల్లీ, ఇప్పుడున్న సీసాలు ఒక్కొక్కటి పెట్టు, రోజూ పెట్టినట్టే. నువ్వు మాట్లాడకు, నేను కూడ మాట్లాడ" అన్నాను.

కళ్లు మూసుకున్నాను. బతుకులో అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదటిసారి. దూరంగా ఎక్కడో ఆటో పోయింది. ఎవరో దగ్గారు. సీసా మీది చీటీకి ఎర్రలైటు చూపిస్తే టిక్కుమని ఒక చప్పుడు వస్తుంది, ఆ సీసా మనిషి పేజీ తెరుచుకుంటుంది. టిక్. అంకెలు కొట్టిన చప్పుడు. టిక్. మళ్లీ అంకెలు. టిక్. కుర్చీ నన్ను మెల్లగా కిందికి దించుతోంది. టిక్టిక్.

"ఆగు. ఇప్పుడు సీసా ఎవరిది, తెర మీద ఎవరి పేరుంది?"

అవతల సీసా తిప్పి చూసిన చప్పుడు. తరవాత చిన్నగా, "వేరే పేరుంది సార్. కింది వరసల పేరు."

ఒక్క చీటీని ఆ యంత్రం రెండుసార్లు చదివినప్పుడల్లా మా సాఫ్ట్‌వేర్ ఒక మనిషి కిందికి జరుగుతోంది. ఆ అమ్మాయి చేతిలో ఏ తప్పూ లేదు. ఇంకో రెండుసార్లు చేయించాను. టిక్టిక్ అన్నప్పుడల్లా అదే. ఒక్క టిక్కుకు ఏమీ కాదు. నా గడి ఎప్పుడో ఎర్రబడింది. గాజు గదిలో సార్ తల లేచింది. మేడం గడియారం చూసుకుంది. నేను ఆపలేదు. ఇవాళ పొద్దున్నుంచి ఇచ్చిన రిపోర్టులన్నీ వెనక్కి పిలిపించమన్నాను. మేం చెప్పేదాకా చీటీ చూపించకుండా పేరు చేత్తో కొట్టమన్నాను. "మీ ఓనర్‌కు చెప్పు, తప్పు నీది కాదు, మాది అని. కావాల్నంటే ఆయన్నే నాకు ఫోన్ చేయమను, అరుపులు వినుడే నా పని" అన్నాను. పదిహేడు నిమిషాలు.

తెల్ల గడి తెరుచుకుంది. తొంభై సెకన్లు. నా పదకొండు వాక్యాల్లో ఇది లేదు. ఆరోది ఒక్కటే దగ్గర్లో నిల్చుని నన్ను రమ్మంటోంది.

నేను దోస్తులకు ఫోన్‌లో మెసేజ్ కొట్టినట్టు, ఇంగ్లీషు అక్షరాల్తో తెలుగు కొట్టాను. సీసా చీటీ చూపిస్తే ఒక్కోసారి రెండుసార్లు మోగుతది. రెండుసార్లు మోగితే పక్క మనిషి పేరు వస్తది. నేను చెవితోని విన్న, మూడుసార్లు చేయించిన. ఆ అమ్మాయి తప్పు లేదు. మన తప్పు. పోయిన నెల నేను రాసింది అబద్ధం.

మేడం తెర మీదికి వంగి చదివింది. చాలాసేపు చదివింది.

"ఇది ఇంగ్లీష్ కాదు గదా" అంది.

"కాదు మేడం."

"పోయినవన్ని ఇంగ్లీష్‌లనే ఉన్నయి."

"పదకొండు వచ్చు మేడం. ఇది పన్నెండోది."

ఆమెకు ఏం అర్థమైందో తెలియదు. ఇంకేమీ అడగలేదు. కాగితంలో ఏదో రాసుకుని, కుర్చీ తీసుకుని తరవాతివాడి దగ్గరికి వెళ్లింది.

మూడోరోజు పెద్దాఫీసు నుంచి సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీరు ఒకాయన నాకే ఫోన్ చేశాడు. ఆ రెండు టిక్కుల మధ్య ఎంత సందుందో నోటితో చేసి చూపించమన్నాడు. అంత చదువుకున్నాయన అవతల, నేనిక్కడ నాలుకతో టిక్టిక్‌మంటూ. సాఫ్ట్‌వేర్ సరిచేశారు. పాత టికెట్లు వెతికితే, వాడేవారి పొరపాటన్న ఆ మాట పది కుర్చీల నుంచీ వచ్చిందట. ఎన్నిసార్లో మాకు చెప్పలేదు. చెప్పకపోవడాన్ని బట్టి చాలాసార్లేనని అర్థమైంది. ఆ ల్యాబులన్నిటికీ పాత రిపోర్టులు సరిచూసుకోమని ఫోన్లు చేయడం తరవాత మా అందరి పనీ అయింది.

ఆ శుక్రవారం మేడం రాసిన కాగితాలు ఒక్కొక్కరికీ ఇచ్చారు. నాది మడిచి జేబులో పెట్టుకుని, అక్కతో నారాయణగూడ దాకా నడిచాను. బస్టాపులో కూర్చున్నాక ఆమె చేతికిచ్చాను. చూడకుండానే తిరిగి ఇచ్చేసింది.

"నువ్వే చదువు."

"ఉద్యోగం ఉన్నదో పోయిందో అక్కా, ఇప్పుడు ఆటలొద్దు."

"అందుకే చదవమంటున్నా."

రెండు బస్సులు పోయాయి. ఒక్కో అక్షరం పట్టుకుని, తెలిసిన మొహం ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతుకుతూ చదివాను. టికెట్ అన్న మాట దొరికింది. కాదు అన్న మాట దొరికింది. ఇంగ్లీష్ దొరికింది. ఆమె సాయం చేయలేదు. ఒక చోట తప్పు చదివితే మాత్రం గొంతు సవరించుకుంది. ఆఖరికి మొత్తం కూడింది. టికెట్ ఇంగ్లీషులో లేదు. జరిగింది మాత్రం స్పష్టంగా తెలిసింది. ఫోన్ల మీదే ఉంచండి. రాయడం నేర్పించండి.

"ఉంచిర్రక్కా" అన్నాను. ఇంకో జోకు ఏదైనా వేద్దామంటే నోటికి రాలేదు.

ఆమె నా దగ్గరున్న ఆ పదకొండు వాక్యాల కాగితం అడిగి తీసుకుని, పెన్నుతో ఆరోదాన్ని కొట్టేసింది. మళ్లీ ఇంకోసారి కొట్టేసింది, అక్షరాలు కనిపించకుండా.

"పోయిన నెల ఆ అమ్మాయి ఫోన్ నా కుడి చెవిలోనే ఉంది. ఆ రెండు టిక్కులూ నాకూ వినబడే ఉంటాయి. ఈ వాక్యం చేతికి దగ్గరగా ఉంది, రాసేశాను. రెండు చెవులూ పెట్టుకుని వినలేదురా నేను" అంది.

ఆ చెవులకు చేతులెత్తి మొక్కాలనిపించే నాకు, ఆమె నోటి నుంచి ఆ మాట వినడం కష్టమైంది. ఆ కాగితం తీసుకుని మడిచాను. కొట్టేసిన చోట కాగితం చిరిగేలా ఉంది. పక్కన పూలమ్మే ఆమె ఎవరితోనో బేరమాడుతోంది. చౌరస్తాలో హారన్లు ఆగకుండా మోగుతున్నాయి.

అక్క తల వంచుకుని సంచి సర్దుకుంటూనే, "లే, మీ రాంనగర్ బస్సు వస్తోంది" అంది.

రోడ్డు చివరిదాకా చూశాను. ఆటోలు, స్కూటర్లు, ఒక నీళ్ల ట్యాంకరు. బస్సు ఎక్కడా లేదు. అయినా లేచి నిలబడ్డాను.